ఆట మనది, అంగడి యెవరిది?

2025 ఆగష్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము ధనము పణముగా నొడ్డు ఆన్‌లైను ఆటలను నిషేధించినది. కోడిపందెము పల్నాటి నేమి చేసెనో యెరిగిన గురజాలవారికి దీని యవసరమును వేరుగా బోధింప నక్కరలేదు. అయితే పందెములేని ఆటలను ప్రోత్సహింపవలెననియు నా చట్టమే చెప్పుచున్నది. ఈ రెండవ మాటను మనవారు తగినంతగా గమనింపలేదు. కంప్యూటరు ఆట యన్నంతనే జూదమని తలచు పెద్దలు మనలో ననేకులు గలరు.

నేడు ఆటను నిర్మించుటకు కోట్ల ధనము అక్కరలేదు. గోడాట్ వంటి సాధనములు ఉచితముగా లభించుచున్నవి. 2017లో హైదరాబాదునందలి ఓగర్ హెడ్ స్టూడియో అను చిన్న సంస్థ ‘అసుర’ యను ఆటను నిర్మించి, స్టీము అను అంగడి ద్వారా దేశదేశముల యాటగాండ్రకు అందించినది. కావున అసలు చిక్కు నిర్మాణమున గాదు, పంపిణీయందున్నది.

మిరప రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. పండించుట యొక పని; తాలుకాయ నేరి, బస్తాలకెత్తి, గుంటూరు యార్డునకు చేర్చుట వేరొక పని. ఆటల విషయమును అంతియే. అమెరికాలోని వాల్వు కంపెనీవారి స్టీములో నొక్కొక్క ఆటను పెట్టుటకు 100 డాలర్లు చెల్లింపవలెను. రాబడి 1000 డాలర్లకు చేరిన పిమ్మటనే యది తిరిగి వచ్చును. అమ్మకములో నూటికి 30 వంతులు వారివి. 2018 నుండి కోటి డాలర్లు మించిన రాబడిపై 25, ఐదు కోట్లు మించినదానిపై 20 వంతులు మాత్రమే గైకొనుచున్నారు. బలవంతునకు తగ్గింపు, బీదవానికి నిండు సుంకము! ఇది న్యాయమని మే మొప్పుకొనజాలము.

అట్లని యా యంగడిని వెలివేయుమని మేము చెప్పము. కొనువారి రాకపోకలు, సొమ్ము వసూలు, సవరణల పంపిణీ యచట సిద్ధముగా నున్నవి. కాని యొక్క అంగడినే నమ్ముకొనరాదు. 2013లో వెలసిన ఇచ్.ఐఓలో అంగడివారి వంతెంతయో అమ్మువాడే నిర్ణయించుకొనవచ్చును. సున్న యైనను వారికి సమ్మతమే.

సరకు కట్టుటయందును శ్రద్ధ వలయును. తన యంత్రముపై నడచినంత మాత్రమున ఆట సిద్ధమైనట్లు కాదు. అవసరమైన సహాయక ఫైళ్లన్నియు మూటలో జేర్చి, ఇతరుల పాత యంత్రములపై నడిపి చూడవలెను. తెలుగు ఒత్తులు చెదరకుండ చూపు శక్తి గోడాట్‌నకు 2023లో వెలువడిన నాలుగవ కూర్పుతోనే లభించినది. తెలుగు ఫాంటును ఆటతోపాటే పంపనియెడల ఆ శక్తి యుండియు ఫలము సందేహమే.

తెలుగు ఆటలకు ఆ 100 డాలర్ల రుసుమును ప్రభుత్వము భరించుట పెద్ద వ్యయము కాదు. తలిదండ్రులు జూదమునకును శిల్పమునకును గల భేదము నెరుగుట అంతకన్న ముఖ్యము. ఈ రెండును జరిగిననాడే గురజాల యువకుని కృషి గురజాల పొలిమేర దాటగలదు.