బోరు పూడ్చమంటారేం?

మా తాడేపల్లి వైపు పొలంలో మోటారు కాలితే వైండింగు చేయిస్తాం. అంతేగాని బోరు పూడ్చుకోం. కంప్యూటరు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ ఇంగితం చెల్లదంటున్నారు.

ఇంటెల్ 2015లో ఆరో తరం ప్రాసెసర్లను 1151 సాకెట్‌తో తెచ్చింది. 2017 అక్టోబరులో వచ్చిన ఎనిమిదో తరానికీ 1151 కాంటాక్టులే. పాత బోర్డులో చక్కగా కూర్చుంటుంది, పని మాత్రం చేయదు! విద్యుత్తు అందే అమరిక మారిందని కంపెనీ చెప్పిన కారణం. కావచ్చు. కాని కొందరు ఔత్సాహికులు బయాస్ సవరించి, కొన్ని కాంటాక్టులకు టేపు అంటించి, పాత బోర్డు మీదే నడిపి చూపారే! ఏఎండీ వారి 2017 నాటి ఏఎం4 బోర్డులు చాలావాటిలో, 2022లో బయాస్ మార్చి రైజెన్ 5000 ప్రాసెసర్లు వేసుకున్నారు. అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదరదు?

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో సరి. విండోస్ 11కేమో ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే ప్రవేశం. మిర్చి ధర పడిపోయిన 2025లో కొత్త సిస్టం కొనమని నాన్నను అడగడానికి నాకైతే నోరు రాలేదు.

ఐ3-2100 ఉన్నవారు అదే 1155 సాకెట్లో నాలుగు కోర్ల ఐ5-2500 సెకండుహ్యాండుది వేసుకోవచ్చు. థర్మల్ పేస్టు మరవొద్దు. అంతకంటే ముందు హార్డుడిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ పెట్టి, లైనక్స్ వేసి చూడండి. ఎక్కువ తేడా అక్కడే తెలుస్తుంది.

కాలేజీల్లో పాత సిస్టంలను తుక్కు కింద అమ్మేముందు, వాటిని విప్పి బిగించే అవకాశం మా బీయస్సీ వాళ్లకివ్వాలని యూనియన్ అడగాలి. స్క్రూడ్రైవర్లు మేమే తెచ్చుకుంటాం.