స్టడీ అవర్స్‌లో కూర్చోవడం వేరు, చదవడం వేరు



ఈ పోస్ట్ ముఖ్యంగా ఇంటర్ చదువుతున్న మన తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం. కాస్త పెద్దదే. ఓపికగా చివరిదాకా చదవండి. ఇంట్లో ఇంటర్ పిల్లలున్న అన్నలు, అక్కలు కూడా చదివితే మంచిది.

రాస్తున్నది మేం నలుగురం. ఒకే ట్రైబల్ హాస్టల్లో ఉండి ఇంటర్ పూర్తి చేశాం. ఆ రూమ్‌లో నిజానికి మేం ఐదుగురం. ఐదోవాడు ఫస్టియర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ పోయాక ఊరికి వెళ్లాడు. సప్లిమెంటరీ ఫీజు కట్టలేదు, తిరిగి రాలేదు. ఇప్పుడు సీజన్లో పత్తి లారీల దగ్గర హమాలీ పనికి పోతున్నాడు. పనిని తక్కువ చేసి మాట్లాడటం లేదు. మా అందరి ఇళ్లలోనూ కూలి చేసేవాళ్లే ఉన్నారు. కానీ వాడు చదవాలనుకున్నాడు. వాడు వెళ్లిపోయాక హాస్టల్లో "వాడికి చదువు మీద శ్రద్ధ లేదు" అన్నారు. పక్క మంచం మీద పడుకున్నవాళ్లం కాబట్టి మాకు తెలుసు. మా ఐదుగురిలో పుస్తకం ముందు అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది వాడే. హాల్లో లైట్లు తీసేశాక కూడా వరండా బల్బు కింద కూర్చునేవాడు.

మరి ఎందుకు ఫెయిలయ్యాడు? మాకు చాలా ఆలస్యంగా అర్థమైన సంగతి ఇది. మన పిల్లలకి తెలివి తక్కువై కాదు, గంటలు చాలక కూడా కాదు. సాయంత్రం ఆ మూడు గంటల్లో ఏం చేయాలో మనకి ఎవరూ చెప్పలేదు. చెప్పిందల్లా ఒక్కటే మాట: సప్పుడు చేయకుండా కూర్చోండి.

హాస్టల్లో ఉన్నవాళ్లకి ఆ సాయంత్రం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. 6 గంటలకి బెల్లు, హాజరు. అందరూ హాల్లో వరసగా కింద కూర్చోవాలి. పక్కవాణ్ని పలకరిస్తే తిట్లు. ఒక నోట్స్ తెరుచుకుని, టెన్త్ దాకా తెలుగులో చదివిన పిల్లాడు ఇంగ్లిష్‌లో ఉన్న ఆ పేజీని పెదవులు కదుపుతూ పదిసార్లు చదువుతాడు. 8 గంటలకి అన్నం. మళ్లీ వచ్చి అదే పేజీ. చూసేవాళ్లకి హాలు నిండా చదువే కనిపిస్తుంది. పొద్దున క్లాసులో సార్ లేపి అడిగితే నోట్లోంచి మాట రాదు. అప్పుడు మనకి మనమే "నా బుర్రలోకి ఎక్కదు" అని తీర్మానం చేసుకుంటాం. ఆ తీర్మానమే అసలు ప్రమాదం. మావాడిని ఇంటికి పంపింది అదే.

ఎక్కకపోవడానికి కారణం బుర్ర కాదు, పద్ధతి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ఒక పాఠం ఇచ్చి, దాన్నే మళ్లీ చదవమన్నారు. ఇంకొందరిని ఒకసారి చదివాక చూడకుండా గుర్తున్నంతా రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది. చూడకుండా రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకి 42 శాతమే. మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడమే మనల్ని మోసం చేస్తుంది. పబ్లిక్ పరీక్ష 5 నిమిషాల తర్వాత ఉండదు, నెలల తర్వాత ఉంటుంది.

అందుకే సాయంత్రాన్ని ఇలా కట్టుకోండి అని మా సలహా. సెకండియర్‌లో మేం నలుగురం చేసింది దాదాపు ఇదే. గంటలు మీ హాస్టల్ బెల్లుని బట్టి అటూ ఇటూ జరుపుకోండి.

5 నుంచి 6 దాకా పుస్తకం ముట్టొద్దు. ఆడండి, బట్టలు ఉతుక్కోండి, స్నానం చేయండి. పొద్దున్నుంచి క్లాసుల్లో కూర్చున్న ఒళ్లు అది, కాస్త కదలనివ్వండి.

6 నుంచి 7 దాకా ఆరోజు విన్న పాఠాలు. ముందు పుస్తకం తెరవొద్దు. తెల్లకాగితం తీసుకుని, ఈరోజు క్లాసులో ఏం చెప్పారో గుర్తున్నంతా రాయండి. తెలుగులో రాయండి, వచ్చీరాని ఇంగ్లిష్‌లో రాయండి, బొమ్మ వేయండి, ఏదైనా సరే. మొదటి వారం నాలుగు వాక్యాలు కూడా రావు. సిగ్గుపడొద్దు, మాకూ రాలేదు. ఆ తర్వాత పుస్తకం తెరిచి, ఏం వదిలేశారో ఎర్ర పెన్నుతో రాసుకోండి. ఆ ఎర్ర గీతలే మీరు చదవాల్సింది. మిగతాది మీకు ఇప్పటికే వచ్చు.

7 నుంచి 8 దాకా లెక్కలు. మెదడు ఇంకా చురుగ్గా ఉండగానే మ్యాథ్స్ గానీ, ఫిజిక్స్ ప్రాబ్లమ్స్ గానీ చేయాలి. బైపీసీ వాళ్లయితే కెమిస్ట్రీ ఈక్వేషన్లు, బోటనీ, జువాలజీ బొమ్మలు. మ్యాథ్స్‌ని చూసి చదవడం ఈత పుస్తకం చదివి చెరువులో దూకడం లాంటిది. చేతితో చేయాల్సిందే. మేం రాసిన మ్యాథ్స్ పేపర్ 75 మార్కులకి. అందులో 2 మార్కుల ప్రశ్నలు 10, ఛాయిస్ లేదు. అంటే 20 మార్కులు చిన్న లెక్కల్లోనే ఉన్నాయి. పాస్ కావాలంటే 35 శాతం. మ్యాథ్స్ అంటే భయపడే తమ్ముడు రోజుకి 2 చిన్న లెక్కలు చూడకుండా చేస్తే, 100 సాయంత్రాల్లో 200 లెక్కలు చేసినవాడవుతాడు. పెద్ద లెక్కల జోలికి పోకముందే కాళ్ల కింద నేల దొరుకుతుంది. మా ఐదోవాడు రోజూ పెద్ద లెక్కతోనే మొదలుపెట్టేవాడు. అది రాక, చిన్నది చేయక, సాయంత్రమంతా అక్కడే ఆగిపోయేవాడు.

8 నుంచి 8:45 దాకా అన్నం, ఆ తర్వాత కాసేపు నడక. ఈ నడకలోనే ఒకరికొకరు పాఠం చెప్పుకోండి. దీని గురించి కింద విడిగా రాస్తాం.

8:45 నుంచి 9:45 దాకా పాత పాఠాలు. నిన్నటిది ఒకటి, మూడు రోజుల కిందటిది ఒకటి, పోయిన వారంది ఒకటి. ఒక్కోదానిలో ఒక ప్రశ్న చూడకుండా రాసి చూసుకోండి. చివరి 10 నిమిషాల్లో రేపు సార్‌ని అడగాల్సిన డౌట్లు చిట్టీ మీద రాసి జేబులో పెట్టుకోండి. క్లాసులో లేచి అడగాలంటే మనకి భయం. చిట్టీ చేతిలో ఉంటే స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరైనా అడగొచ్చు.

10 గంటలకి పడుకోండి. 13 నుంచి 18 ఏళ్ల వయసు వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెప్తున్నారు. మన హాస్టళ్లలో పొద్దున 5కే లేపుతారు కాబట్టి ఇప్పటికే ఒక గంట తక్కువ. అర్ధరాత్రి దాకా మేల్కొని దాన్ని ఇంకా కోసుకోవద్దు. వరండా బల్బు కింద కూర్చున్నవాడు తెల్లారి ఫస్ట్ పీరియడ్‌లో నిద్రపోయేవాడు. రాత్రి సంపాదించిన దానికంటే పొద్దున పోగొట్టుకున్నదే ఎక్కువ.

ఇప్పుడు ఆ నడక సంగతి. మాలో ఇద్దరం గోండులం, ఒకరు కొలాం, ఒకరు కోయ. క్లాసులో ఇంగ్లిష్, హాస్టల్లో తెలుగు, ఇంటికి పోతే మన భాష. పాఠం మన భాషలోకి వచ్చినప్పుడే అది నిజంగా అర్థమైందో లేదో తెలుస్తుంది. టార్క్ అనే పాఠం మాకు నెల రోజులు అంతు చిక్కలేదు. ఒకరోజు నడుస్తూ మాలో ఒకడు "అరే, ఇసుర్రాయి పిడి నడుమ ఎందుకుండదు, అంచుకే ఎందుకుంటది?" అని గోండీలో అడిగాడు. అంతే. మధ్యకి దగ్గరగా పట్టుకుంటే తిప్పడం కష్టం, దూరంగా పట్టుకుంటే సులువు. మన అమ్మలకి తెలిసిన సంగతికే పుస్తకం టార్క్ అని పేరు పెట్టింది. ఆస్మాసిస్‌కి పుస్తకంలో ఎండుద్రాక్ష ఉదాహరణ ఇస్తారు. మన ఇంట్లో ఎండుద్రాక్ష ఎక్కడిది? ఎండిన ఇప్ప పువ్వుని నీళ్లలో వేస్తే ఉబ్బడం చిన్నప్పటి నుంచీ చూశాం కదా. ఇప్పసారా కాచే కుండల దగ్గర జరిగేది కెమిస్ట్రీలో చెప్పే స్వేదనమే. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. ఆ తేడా మీదే ఆ పనంతా నడుస్తుంది. పరీక్షలో ఇంగ్లిష్‌లోనే రాయాలి, నిజమే. కానీ ముందు అర్థం మన భాషలో కుదిరితే, ఇంగ్లిష్ మాటలు దాని మీద నిలబడతాయి.

ఇది మేం కొత్తగా కనిపెట్టింది కాదు. 1943లో మన మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు పిల్లల చదువు కోసం కేంద్రం మొదలుపెట్టినప్పుడు, మొదటి వాచకాలు గోండీ భాషలోనే తయారు చేయించారు. 80 ఏళ్ల తర్వాత కూడా మన ఇంటర్ పిల్లలు తమ భాషలో పాఠం మాట్లాడుకుంటే "సైలెన్స్" అని అరుస్తున్నాం. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. మన భాష తెలిసిన సార్లు పెరగాలని మనం అడుగుతూనే ఉందాం. అప్పటిదాకా సాయంత్రం ఒక అరగంట మనకి మనమే సార్లం కావాలి.

ఇంటి నుంచి కాలేజీకి పోయి వచ్చేవాళ్ల కష్టం వేరు. ముఖ్యంగా చెల్లెళ్లది. బస్సు దిగి ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. ఆ తర్వాత నీళ్లు, వంట, చిన్నపిల్లలు. వాళ్లకి పైన రాసిన టైమ్‌టేబుల్ చెప్పడం అన్యాయం. వాళ్లకి మేం చెప్పేది: మూడు గంటలు వెతకొద్దు, ఒక్క గంట గట్టిగా పట్టుకోండి. బస్సులో కళ్లు మూసుకుని ఆరోజు పాఠం గుర్తు చేసుకోండి. ఇంట్లో ఆ ఒక్క గంట లెక్కలు, చూడకుండా రాయడం. ఇక అన్నలకి, తమ్ముళ్లకి ఒక మాట. చెల్లె బిందె మోస్తుంటే నువ్వు మంచం మీద ఫోన్ చూస్తూ "మా చెల్లెకి చదువు రాదు" అనొద్దు. ఆ బిందె నువ్వు మోస్తే ఆమెకి అరగంట మిగులుతుంది. మన ఇళ్లలో ఆడపిల్ల చదువు చాలాసార్లు అరగంటల దగ్గరే ఆగిపోతోంది.

మన క్యాలెండర్‌ని కూడా లెక్కలో పెట్టుకోండి. దీపావళి ముందు దండారి, చలికాలమంతా పత్తి ఏరడం, పుష్య అమావాస్యకి కేస్లాపూర్‌లో నాగోబా జాతర. జాతర అయ్యేసరికి ప్రాక్టికల్స్, వెంటనే పబ్లిక్ పరీక్షలు. "జాతరలు మానండి, అప్పుడే బాగుపడతారు" అనే సార్లున్నారు. మేం ఆ మాట అనం. గుస్సాడీ ఆడిన పిల్లాడు చదువుకి పనికిరాడని ఎవరు చెప్పారు? కానీ ఆ వారం పుస్తకం కదలదని మనకి ముందే తెలుసు. కాబట్టి ఆ వారం పాఠాలు ముందు నెలలోనే పంచుకోండి. డిసెంబర్ చివరికి సిలబస్ మొత్తం ఒకసారి చూడకుండా రాసి ఉంటే, జాతరకి నిశ్చింతగా పోయి రావచ్చు.

కొందరు మిత్రులు అడుగుతారని తెలుసు: "లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉంటే, హాస్టల్లో లైట్లు సరిగా లేకపోతే, మీరు పిల్లలకి టైమ్‌టేబుల్ చెప్తున్నారా?" న్యాయమైన ప్రశ్నే. తప్పు పిల్లల మీదకి నెట్టడానికి మేం ఇది రాయలేదు. హాస్టల్ నడిపేవాళ్లని మనం అడగాల్సినవి ఉన్నాయి. స్టడీ అవర్స్‌లో కనీసం అరగంట గుంపులుగా కూర్చుని మాట్లాడుకోనివ్వాలి. వారానికి రెండు సాయంత్రాలైనా మ్యాథ్స్ గానీ, ఫిజిక్స్ గానీ చెప్పేవాళ్లు వచ్చి డౌట్లు తీర్చాలి. చదువుకునే చోట వెలుతురు ఉండాలి. ఫెయిలైన పిల్లాడు ఇంటికి పోయినప్పుడు సప్లిమెంటరీ ఫీజు గడువు లోపు ఎవరో ఒకరు వాడి ఊరికి పోయి మాట్లాడాలి. ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు. అడుగుదాం, కలిసి అడుగుదాం. కానీ అవి వచ్చేదాకా ఈ ఏడాది ఇంటర్ రాసే తమ్ముడి సాయంత్రాలు ఆగవు.

మొన్న మేం మా ఐదోవాడికి ఫోన్ చేశాం. ఈసారి ఫీజు మేం నలుగురం కడతాం, రోజూ రాత్రి 8 గంటలకి ఫోన్‌లో 2 లెక్కలు చేద్దాం, చిన్నవే, అన్నాం. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "బుక్స్ ఉన్నాయా మీ దగ్గర?" అని అడిగాడు. పంపాం.

మీ రూమ్‌లో కూడా ఇలాంటి ఒకడు ఉండే ఉంటాడు. అందరికంటే ఎక్కువసేపు కూర్చుని, అందరికంటే తక్కువ మార్కులు తెచ్చుకునేవాడు. ఈ రాత్రి వాడి పక్కన కూర్చోండి. పుస్తకం మూసి, ఈరోజు క్లాసులో ఏం చెప్పారో మన భాషలో చెప్పమనండి.

జై ఆదివాసీ. జై కొమరం భీమ్.