రంగు, వాసన, రుచి చెప్పని సంగతి

మదర్సాలో ఫిఖహ్ చదువు తహారత్ పాఠంతో మొదలవుతుంది. తహారత్ పాఠం నీటితో మొదలవుతుంది. పారే నీటిలోనైనా, పెద్ద హౌజులోనైనా నజిస్ పడితే మూడు గుణాలు చూడాలని మా ఉస్తాద్ మాచేత వల్లె వేయించారు. రంగ్, బూ, మజా. రంగు, వాసన, రుచి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా ఆ నీరు వుజూకు పనికిరాదు.

అదే పాఠాన్ని మేము ఇరవై ఏళ్లకు పైగా కల్వకుర్తి పిల్లలకు చెబుతూ వచ్చాము. పాఠంలో తప్పు లేదు. దాన్ని మేము వాడిన చోటులో తప్పుంది. మసీదు బోరు నీళ్లు తాగవచ్చా అని ఎవరైనా అడిగితే దోసిట పట్టి చూసి, వాసన చూసి, ఒక గుక్క తాగి, "మీఠా పానీ, నిశ్చింతగా తాగండి" అనేవాళ్లము. వుజూ నీటికి పెట్టిన కొలతతోనే తాగే నీటినీ కొలిచాము. ఈ రెండూ ఒకటి కావని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఎందుకు కావో తెలియాలంటే నీరంటే ఏమిటో కొంచెం తెలియాలి. బడిలో పిల్లలందరూ చదివేదే. రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిస్తే నీటి అణువు. అయితే ఈ మూడూ ఒక వరుసలో నిలబడవు. ఆక్సిజన్ మధ్యలో ఉండి, హైడ్రోజన్లు రెండూ ఒక పక్కకు వంగి ఉంటాయి. అందువల్ల అణువుకు ఒకవైపు కొద్దిగా ధన విద్యుత్తు, మరోవైపు కొద్దిగా ఋణ విద్యుత్తు ఏర్పడతాయి. చిన్న అయస్కాంతాల మాదిరిగా ఒక అణువు మరో అణువును పట్టుకుంటుంది. నీటి మహిమ యావత్తూ ఈ చిన్న వంపులోనే ఉంది.

ఆ పట్టు ఎంతటిదో ఒక్క పోలికతో చెప్పవచ్చు. గంధకం ఆక్సిజన్‌కు దగ్గరి చుట్టం. అది రెండు హైడ్రోజన్లతో కలిస్తే కుళ్లిన గుడ్ల కంపు కొట్టే వాయువు వస్తుంది. ఆ వాయువు అణువు నీటి అణువు కంటే బరువు. అయినా సున్నాకు 60 డిగ్రీల కిందనే మరిగిపోతుంది. ఆ లెక్కన నీరు కూడా భూమి మీద వాయువుగానే ఉండవలసింది. అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి కనుకనే నీరు 100 డిగ్రీల దాకా నీరుగా నిలుస్తున్నది. లేకుంటే సముద్రాలు లేవు, మన దుందుభి వాగూ లేదు.

ఎండాకాలంలో ఇంటి మూలన రంజన్ పెట్టుకుంటాము కదా. దాని గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు చెమ్మగా బయటికి వచ్చి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కేలరీ చాలు. అదే గ్రాము ఆవిరి కావాలంటే 500 పైచిలుకు కేలరీలు కావాలి. ఆ వేడిని లోపలి నీళ్ల నుండే లాక్కుంటుంది కనుక లోపలివి చల్లబడతాయి. మన చెమట చేసేదీ ఇదే పని. మే నెల ఎండలో పొలం పనికి వెళ్లిన మనిషి ప్రాణంతో ఇల్లు చేరుతున్నాడంటే ఈ గుణం వల్లనే. మంచుగడ్డ నీటి మీద తేలడం కూడా ఇలాంటి వింతే గాని, అది చలిదేశాల చేపలకు అక్కర, పాలమూరులో మనకు అంతగా పనిలేదు.

అన్నిటికంటే పెద్ద గుణం కరిగించుకోవడం. ఉప్పులో ధన, ఋణ కణాలు రెండూ ఉంటాయి. నీటి అణువులు వాటి చుట్టూ మూగి దేని దారిన దాన్ని విడదీస్తాయి. మన రక్తంలోని ద్రవభాగంలో దాదాపు 90 శాతం నీరే. తిన్న అన్నం నుండి వచ్చిన చక్కెర, ఉప్పులు దానిలో కరిగే ఒళ్లంతా తిరుగుతాయి. చెత్త కూడా దానిలో కరిగే మూత్రంగా బయటికి పోతుంది. చెట్టు వేరు మట్టిలోని సారాన్ని తాగేదీ ఇట్లాగే. ఇక నూనె నీటిలో కరగకపోవడం కూడా ఒక మేలే. మన కణాల పైపొర కొవ్వుతో ఏర్పడింది. నీరు ఆ కొవ్వును కూడా కరిగించుకునేదైతే మనం ఉప్పుబొమ్మల్లా కరిగిపోయేవాళ్లం.

అయితే నీటికి మంచీ చెడూ తెలియవు. చక్కెరను ఎట్లా కరిగించుకుంటుందో రాతిలోని విషాన్నీ అట్లాగే కరిగించుకుంటుంది. పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడ్ ఉంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు దాన్ని మెల్లమెల్లగా తనలోకి తీసుకుంటుంది. బోరు వేసి మనం పైకి తోడేది ఆ నీటినే.

తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే వసతి లేనిచోట ఒకటిన్నర దాకా సహించవచ్చునని మన దేశపు ప్రమాణం. కొద్ది పాలు పళ్లకు మేలే చేస్తుంది. మించితే మొదట పళ్ల మీద సుద్దలాంటి తెల్లమచ్చలు, తర్వాత గోధుమరంగు చారలు. ఏళ్ల తరబడి ఎక్కువ పాలు తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుంటాయి. ఎముకలోని ఖనిజంలో ఫ్లోరైడ్‌కు సరిపోయే ఖాళీ ఉంది. అక్కడ చేరి ఏళ్ల తరబడి కదలదు. నల్గొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో నడుము వంగిపోయిన మనుషుల ఫోటోలు మన తరం పత్రికల్లో చూసినవే. ఇంగ్లీషువారి కాలంలో 1937లోనే మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతపు పల్లెల్లో వైద్యులు ఈ జబ్బును గుర్తించి రాశారు. అంటే ఇది తెలియని రోగం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నీళ్లలో ఉండే ఆ కొద్దిపాటి మోతాదులో రుచీ తెలియదు. మా ఉస్తాద్ చెప్పిన మూడు గుణాలలో ఒక్కటీ మారదు. ఇంట్లో ఆడవాళ్లకు మరో పరీక్ష ఉంది. సబ్బు నురగ వస్తుందా, పప్పు మెత్తగా ఉడుకుతుందా అని చూస్తారు. సున్నం తక్కువ ఉన్న నీటిలోనే ఇవి రెండూ బాగా జరుగుతాయి. సున్నం ఎక్కువ ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి గట్టిపడి కిందికి దిగుతుంది. తక్కువ ఉంటే నీటిలోనే ఉండిపోతుంది. అందుకే మన రాతినేలల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లు చాలావరకు ఉప్పదనం లేనివి, పప్పు ఉడికేవి. ఖారా పానీ అని మనం వదిలేసిన బోరు కంటే మీఠా పానీ అని పిల్లలకు పట్టిన బోరే చెడ్డది కావచ్చు.

కాచి తాగితే పోతుంది కదా అనేవారున్నారు. కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ చావదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది కూడా. బిందెలో పటిక తిప్పితే మురికి దిగుతుంది, అంతవరకే. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం లెక్క ప్రకారం కలుపుతారు. అది వేరు, మన బిందెలో పటిక వేరు.

మా బడిలో ఒక అమ్మాయి ఉండేది. చదువులో ముందుండేది. నవ్వు వస్తే చేయి నోటికి అడ్డం పెట్టుకునేది. హయా గల పిల్ల అని మేము మెచ్చుకున్నాము. పళ్ల మీది చారలు దాచుకుంటున్నదని ఎన్నాళ్లకో తెలిసింది. వాళ్లింట్లో తాగింది మేము నిశ్చింతగా తాగమన్న నీళ్లే. పిల్లల పైపళ్ల పింగాణీ పొర దాదాపు ఎనిమిదేళ్ల లోపు ఏర్పడుతుంది. ఆ తర్వాత నీళ్లు మార్చినా చారలు పోవు.

2016లో మిషన్ భగీరథ మొదలైంది. మన నాగర్‌కర్నూల్ జిల్లాకు శ్రీశైలం జలాశయం నుండి కృష్ణ నీళ్లు శుద్ధి అయి నల్లాలకు వస్తున్నాయి. పారే నదినీరు గనుక దానిలో ఫ్లోరైడ్ తక్కువ. మరి మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? మందు వాసన వస్తున్నదని ఆ నీళ్లతో గిన్నెలు, బండ్లు కడుగుతున్నాము. తాగడానికి బోరు నీళ్లో, కొన్న డబ్బా నీళ్లో. వ్యవహారం తలకిందులైంది. డబ్బా నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గుతుంది నిజమే, కాని ఆ యంత్రం బోలెడు నీటిని కాలువ పాలు చేస్తుంది. పైగా రోజూ కొనగలిగే ఇల్లు ఏదో, కొనలేని ఇల్లు ఏదో మన గల్లీల్లో తెలియనిది కాదు.

మందు వాసన క్లోరిన్‌ది. మసీదులో ఒక పెద్దాయన, వాసన మారిన నీటితో వుజూ ఎట్లా అవుతుంది మౌల్వీ సాబ్ అని అడిగారు. వాసన మార్చింది నజిస్ కాదు, శుభ్రమైన వస్తువు. నీటి స్వభావం, పలుచదనం పోనంతవరకు వుజూ అవుతుందని చెప్పాము. తాగడానికైతే, వెడల్పు మూతి పాత్రలో కొన్ని గంటలు ఉంచితే ఆ వాసన చాలావరకు పోతుంది. బోరు నీళ్లతో వుజూ, స్నానం, బట్టలు నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. తాగడం, వండడం మాత్రం నల్లా నీళ్లతో. నల్లా రాని చోట బోరు నీటిని సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపాలి. ఒకే ఊళ్లో ఒక బోరు మంచిదై పక్క బోరు చెడ్డది కావచ్చు కనుక, పొరుగింటి బోరు ఫలితం మన బోరుకు చెల్లదు.

మా మసీదులో ఇప్పుడు హౌజుకు బోరు, రంజన్లకు నల్లా. ఫజర్ తర్వాత నింపి పైన పలుచటి గుడ్డ కడితే జుహర్ వేళకు వాసన తెలియదు. మక్తబ్ పిల్లలు దానిలోనే ముంచుకుంటున్నారు. చిక్కల్లా పైపు పగిలి రెండు మూడు రోజులు నల్లా రాని వారంలో వస్తుంది. పిల్లలు మళ్లీ బోరు కుళాయి దగ్గర మూతి పెడతారు. ఆ రోజుల కోసం ఒక పెద్ద డ్రమ్ము కొందామని కమిటీలో చెప్పాము. చందా సగం వచ్చింది.