రెండవ శ్రేణి యనగా తక్కువ శ్రేణియా?

మన పాఠశాలను గూర్చి తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "ఇచట పదవ తరగతి ముగిసిన పిమ్మట మా పిల్లలు ఎట్లును వేరొక భాషలో చదువవలసినవారే. బాగుగా చదివినవారు ఎట్లును ఊరు విడిచి పోవువారే. ఇట్టి చిన్న బడి నిలిచిన నేమి, నిలువకున్న నేమి?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుచున్నారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఇది ద్వేషమున పుట్టినది కాదు. పిల్లల మేలు కోరువారి నోటనే వచ్చుచున్నది. దీనికి సమాధానముగా నేను అమెరికా దేశమునందలి యొక క్రీడాజట్టు చరిత్రను చెప్పదలచితిని. ఆ జట్టునకు మన ప్రాంతముతో నెట్టి సంబంధమును లేదు. కనుకనే, మన పక్షపాతములు అడ్డురాకుండ, దానిని గూర్చి నిదానముగా ఆలోచింపవచ్చును.

ఆ యాట ఐసు హాకీ. మన బాలురు మైదానమున నాడు హాకీ వంటిదే గాని, ఇది గడ్డకట్టించిన నీటిపై నాడునది. ఆటగాండ్రు ఉక్కు అంచులుగల పాదరక్షలు ధరించి మంచుపై జారుచు పరుగిడుదురు. బంతికి బదులు మూడంగుళముల వెడల్పును, ఒక అంగుళము మందమును గల గట్టి రబ్బరు బిళ్ళ యుండును. గోలురక్షకునితో కలిసి పక్షమునకు ఆరుగురు. ఆట ఇరువది నిమిషముల చొప్పున మూడు భాగములు. అమెరికా, కెనడా దేశములలో ఈ యాటకు అత్యున్నతమైనది నేషనల్ హాకీ లీగు. దాని దిగువ మెట్టు అమెరికన్ హాకీ లీగు. ఈ రెండవ లీగు జట్లలో పెక్కింటికి విచిత్రమైన ధర్మమొకటి కలదు. పై లీగునందలి జట్టులకు ఆటగాండ్రను తయారుచేసి యిచ్చుటయే వాని పని. మిక్కిలి బాగుగా ఆడినవాడు మరునాడే పైనుండి పిలుపు వచ్చి వెళ్ళిపోవచ్చును. పోటీ నడుమ నున్నను, కప్పు చేతికి అందబోవుచున్నను, పిలుపు వచ్చినచో పంపవలసినదే.

ఇట్టి జట్టులలో దీర్ఘాయువు గలది హెర్షీ బేర్స్. పెన్సిల్వేనియా రాష్ట్రమున హెర్షీ యను ఊరు కలదు. దాని జనసంఖ్య నేటికిని దాదాపు 14 వేలు మాత్రమే. మిల్టన్ హెర్షీ యను చాక్లెట్ల వ్యాపారి తన కర్మాగారము చుట్టును ఆ యూరిని నిర్మించెను. ఆయన 1857లో జన్మించి 1945లో మరణించెను. సంతానము లేని ఆయనయు, ఆయన భార్యయు 1909లో అనాథ బాలురకు ఒక పాఠశాల స్థాపించిరి. 1918లో ఆయన తన సంపదలో అధికభాగమును ఆ పాఠశాలకై యేర్పరచిన ట్రస్టునకు వ్రాసియిచ్చెను. నేడు హెర్షీ బేర్స్ జట్టును నడుపు సంస్థ ఆ ట్రస్టునకు చెందినదే. అనగా ఆ జట్టునకు తుదకు యజమాని యొక పాఠశాల! విద్యార్థులు ఈ విషయమును జ్ఞాపకముంచుకొందురు గాక.

జట్టు 1932లో వేతనములేని ఔత్సాహికుల బృందముగా మొదలాయెను. తొలుత దాని పేరు హెర్షీ చాక్లెట్ బార్స్. 'బార్' అనగా చాక్లెట్టు పలక. ఇది ఆటజట్టు పేరా, అంగడి సరకునకు ప్రకటనయా యని ఆక్షేపణలు రాగా, 1936లో ఒక్క అక్షరము మార్చి 'బేర్స్', అనగా ఎలుగుబంట్లు, అని పెట్టిరి. ఆ సంవత్సరమే డిసెంబరు నెలలో వారికి క్రొత్త క్రీడాశాల అమరెను. అవి అమెరికాలో ఘోరమైన ఆర్థికమాంద్యపు దినములు. పనిలేక కూర్చున్నవారికి పని కల్పించుటకై హెర్షీ ఆ కాలముననే ఊరిలో పెద్ద కట్టడములు లేవనెత్తించెను. ఆంటన్ టెడెస్కో యను ఇంజనీరు రూపకల్పన చేసిన ఆ శాల పైకప్పు పలుచని కాంక్రీటు గుల్ల. ఆసనములు ఏడువేలకు పైగా నున్నను చూపునకు అడ్డముగా నడుమ ఒక్క స్తంభమైనను లేదు. 1938లో జట్టు వృత్తి క్రీడాకారుల లీగున చేరినది. నాటినుండి నేటివరకు ఒక్క యేడైనను మానక ఆ లీగుననే ఆడుచున్నది.

ఇక విజయముల మాట. ఈ లీగునందు ప్రధాన బహుమానము కాల్డర్ కప్పు. హెర్షీవారికది మొదట లభించినది 1947లో. పోషకుడు గతించిన రెండేండ్ల పిమ్మట నన్నమాట! ఆ తరువాత 1958, 1959, 1969, 1974, 1980, 1988, 1997, 2006, 2009, 2010, 2023, 2024 సంవత్సరములలో గెలిచిరి. మొత్తము 13 మారులు. ఆ లీగున మరి యే జట్టును ఇన్ని మారులు గెలువలేదు. 1988లో తుదిపోటీల పండ్రెండు ఆటలను ఒక్కటియు నోడక గెలిచిరి. ఈ చరిత్రలో ఫ్రాంక్ మేథర్స్ పేరు విడువరానిది. ఆయన 1956లో ఆటగాడుగాను శిక్షకుడుగాను వచ్చి, పిదప నిర్వాహకుడై, 1991 వరకు, అనగా 35 ఏండ్లు, ఆ జట్టునే నమ్ముకొని యుండెను. నేషనల్ లీగులో ఆయన ఆడిన యాటలు స్వల్పము. అయినను 1992లో హాకీ క్రీడాప్రముఖుల కీర్తిమందిరమున ఆయనకు స్థానమిచ్చిరి. ఒక చిన్న చోట నిలిచి పనిచేసినవానికి పెద్దచోట లభించిన గౌరవమిది.

ఇప్పుడు దీనిని మరి యొక జట్టుతో పోల్చి చూడుడు. క్లీవ్‌లండ్ మహానగరము. అచటి బేరన్స్ జట్టు 1964 నాటికే కాల్డర్ కప్పును తొమ్మిది మారులు గెలిచినది. పదివేలమంది పట్టు క్రీడాశాల దానికి కలదు. అప్పటికి హెర్షీవారి విజయములు మూడే. ఇందులో ఏది నిలుచునని నాడు పందెము వేసినచో ఎవరైనను క్లీవ్‌లండు పేరే చెప్పెడివారు. కాని 1972లో ఆ నగరమునకు ఇంకొక పెద్ద లీగు జట్టు వచ్చినది. ప్రేక్షకులు క్రొత్తదానివైపు మరలిరి. 1973లో బేరన్స్ జట్టు ఊరు విడిచి ఫ్లోరిడా రాష్ట్రమునకు తరలి, మరుసటి యేడే అంతరించెను. పిట్స్‌బర్గు హార్నెట్స్ జట్టు కథయు నిట్టిదే. 1967లో కప్పు గెలిచిన ఆ జట్టు, నేషనల్ లీగు జట్టు ఆ నగరమునకు వచ్చుటతో, గెలిచిన యేడే మూతపడెను. గెలుపులు వారిని కాపాడలేదు. తొమ్మిది కప్పుల రికార్డును 2009లో దాటినది చిన్న యూరి హెర్షీయే. "పెద్దది వచ్చినది గదా, మనకిక చిన్నదెందుకు?" అను తలపు హెర్షీ ప్రజలకు కలుగలేదు. అదియే వ్యత్యాసము.

తయారైనవారు వెళ్ళిపోవుట నష్టము కాదా యని మీరడుగవచ్చును. 2018లో వాషింగ్టను జట్టు మొదటిసారిగా స్టాన్లీ కప్పు గెలిచినది. నేషనల్ లీగునందు అంతకు మించిన బహుమానము లేదు. నాటి విజేతలలో గోలురక్షకుడు హోల్ట్‌బీ, రక్షకుడు కార్ల్‌సన్, ముందువరుస ఆటగాడు బీగిల్, ముగ్గురును హెర్షీలో ఆడి పైకి వచ్చినవారే. బీగిల్ మూడవ మెట్టు లీగుననుండి ఒక్కొక్క మెట్టే ఎక్కి, మూడింటను కప్పు గెలిచినవాడు. శిక్షకులును అట్లే పోవుదురు. 1997లో హెర్షీకి కప్పు తెచ్చిన బాబ్ హార్ట్‌లీ కథ మన విద్యార్థులు ప్రత్యేకముగా వినదగినది. ఆయన కెనడాలో ఆంగ్లభాషీయులు అధికముగా నున్న ఆంటారియో రాష్ట్రమున, ఫ్రెంచి మాట్లాడువారి ఊరు హాక్స్‌బరీలో పుట్టినవాడు. చిన్నవయసున తండ్రి పోగా కారు అద్దములు చేయు కర్మాగారమున పనిచేసెను. తన యూరి కుర్రవాండ్ర జట్టునకు శిక్షణనిచ్చుటతో మొదలుపెట్టి, హెర్షీ మీదుగా కొలరాడో జట్టునకు వెళ్ళి, 2001లో స్టాన్లీ కప్పు గెలిపించెను. భాషలో అల్పసంఖ్యాకుడగుట ఆయన దారికి అడ్డు కాలేదు.

వీరందరును పోయిరి, హెర్షీ మాత్రము పోలేదు. తయారైనవారు వెళ్ళుట ఆ జట్టు ఓటమి కాదు, అది చేయు పనికి ఫలము. నిజమైన నష్టము వేరు. తయారుచేయు చోటే లేకపోవుట నష్టము. క్లీవ్‌లండులో జరిగినది అదియే.

ఇచట న్యాయముగా ఒక ఆక్షేపణను ఎదుర్కొనవలెను. "హెర్షీకి కోటీశ్వరుడు దొరికెను, మనకెవరు దొరికిరి?" అని అందురు. ధనము సాయపడినదనుట సత్యమే. ఆ యూరిని స్వర్గముగా వర్ణించుటయు నా యుద్దేశము కాదు. 1937లో ఆ కర్మాగారమున సమ్మె జరిగి నెత్తురు చిందినది. ఆ పాఠశాలయు తొలుత తెల్లజాతి బాలురకే పరిమితమై, 1970 ప్రాంతమున గాని ఆ కట్టుబాట్లను సడలించుకొనలేదు. కాని ధనమొక్కటే చాలునన్నచో 2002 నాటి సంగతికి అర్థముండదు. ఆ యేడు ట్రస్టువారే చాక్లెట్టు కంపెనీని అమ్మివేయ సంకల్పించిరి. వేయి రెండువందల కోట్ల డాలర్లకు పైబడిన బేరము వచ్చినది. ఊరివారు, కార్మికులు, పాఠశాల పూర్వవిద్యార్థులు ఏకమై వీథులకెక్కిరి. రాష్ట్ర ప్రభుత్వ న్యాయవాది కోర్టుకెక్కెను. సెప్టెంబరులో ట్రస్టువారు ఆ యమ్మకమును విరమించిరి. దాత పోయిన 57 ఏండ్లకు ఆయన ఆస్తిని ఆయన ట్రస్టు చేతినుండియే ఊరు కాపాడుకొనినది. ధనము సంస్థను పుట్టింపగలదు. దానిని నిలుపువారు మాత్రము "ఇది మాది" యని వచ్చి నిలుచు జనులే.

ఆ యేడే జట్టు క్రొత్త క్రీడాశాలకు మారెను. అందు ఆసనములు పదివేలకు పైచిలుకు. పదునాలుగు వేల జనాభాగల యూరికి పదివేల ఆసనములు! చుట్టుప్రక్కల ఊళ్ళనుండియు జనులు వచ్చి ఆ శాలను నింపుచున్నారు. ఏటేట ఒక దినమున వచ్చినవారందరు బొమ్మలు తెత్తురు. హెర్షీ మొదటి గోలు వేసిన తక్షణమే వానిని మంచుపైకి విసరుదురు. ఆ బొమ్మలన్నిటిని ఏరి ధర్మసంస్థల ద్వారా పిల్లలకు పంచుదురు. 2025 జనవరి 5వ తేదీన అట్లు పడిన బొమ్మలు 1,02,343. నేడు గోలు వేసినవాడు వచ్చే యేడు ఆ జట్టులో ఉండకపోవచ్చునని అచటివారందరు ఎరుగుదురు. ఎరిగియు వత్తురు. వారి ప్రేమ ఆటగానిపై మాత్రమే కాదు, ఆ చోటుపై.

తల్లిదండ్రులకు నా మనవి యిది. మన పిల్లలు పెద్ద చదువులకు వేరు భాషలలోనికి పోవుదురు, పోవలెను గూడ. ఈ రాష్ట్రభాషను, ఆంగ్లమును వారు బాగుగా నేర్వవలెను. మన బడి వారిని కట్టివేయుటకు పుట్టినది కాదు. కాని ఆలోచించు శక్తి, వాక్యము కూర్చు నేర్పు, ప్రశ్నించు ధైర్యము మొట్టమొదట ఇంటిభాషలో ఏర్పడినవారికి తక్కిన భాషలు సులభమగునని నా నమ్మకము. ఆ తొలి మెట్టు ఇచట కలదు. పై మెట్టు ఎత్తుగా నున్నది గదా యని క్రింది మెట్టును తీసివేయు గృహస్థుని ఎవరును తెలివిగలవాడనరు.

మన సరిహద్దు ప్రాంతములలో బడులు ఒక్కదినమున మూతపడవు. మొదట ఒక తరగతిలో పిల్లలు తగ్గుదురు. పిదప ఖాళీయైన ఉపాధ్యాయుని స్థానము నింపరు. ఆ మీదట, చాలినంతమంది లేరని తరగతినే ఎత్తివేయుదురు. ప్రభుత్వమును అడుగవలసినది అడుగుదము. దానితోపాటు మన చేతిలోని పనియు చేయుదము. పిల్లవానిని చేర్చుట మన చేతిలోనిది. వార్షికోత్సవమునకు వచ్చి కూర్చుండుట మన చేతిలోనిది. గ్రంథాలయమునకు ఏడాదికొక పుస్తకమిచ్చుట మన చేతిలోనిది. వీనికి కోటీశ్వరుడు అక్కరలేదు.

విద్యార్థులారా! మీరు పైకి పొండు. ఎంత పైకి పోగలరో అంత పొండు, వెనుకాడకుడు. కాని ఎచట నేర్చితిరని ఎవరైనను అడిగినపుడు ఈ బడి పేరు తలవంపుగా కాక, తలయెత్తి చెప్పుడు. మీ తరువాతి పిల్లవానికి ఈ బడి యుండునట్లు చూచుట మీకును కర్తవ్యమే.