కప్పు మనది, క్లబ్ మాత్రం మనది కాదు

2022 మార్చి 20, ఆదివారం. నేను అప్పుడు టెన్త్. ముందు సోషల్ టెక్స్ట్‌బుక్, దాని మధ్యలో ఫోన్. గోవాలోని ఫటోర్డా స్టేడియంలో ఐఎస్‌ఎల్ ఫైనల్, హైదరాబాద్ ఎఫ్‌సీకి కేరళ బ్లాస్టర్స్‌కి. ఓడిపోతున్నాం అనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి 1-1 చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు మనది. నేను అరిచిన అరుపుకి అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఫోన్ దొరికిపోయింది. అయినా ఆ రోజు బాధపడలేదు.

ఆ తర్వాత జరిగింది చాలామందికి తెలియదు. 2023-24 సీజన్‌లో అదే క్లబ్ 22 మ్యాచులు ఆడి ఒక్కటే గెలిచింది, టేబుల్‌లో ఆఖరున నిలిచింది. జీతాల బకాయిలు. సీజన్ మధ్యలోనే పెద్ద ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళ బదులు కొత్తవాళ్ళని తీసుకుందామంటే ఫిఫా నిషేధం. ఉన్న కుర్రాళ్ళతో ఎలాగోలా సీజన్ లాగించారు. 2024లో యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి వెళ్ళి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. కప్పు గెలిచిన మూడేళ్ళకి మన ఊళ్ళో ఐఎస్‌ఎల్ క్లబ్బే లేదు.

ఈ విషయం హాస్టల్లో ఎత్తితే వచ్చే జవాబు ఒకటే: "ఫ్యాన్‌వి కదరా, మ్యాచ్ చూడు. అకౌంట్స్ గొడవ నీకెందుకు?"

నాకెందుకంటే, మ్యాచ్ ఓడిపోతే వచ్చే వారం గెలవచ్చు. డబ్బులైపోతే వచ్చే వారం మ్యాచే ఉండదు. పైగా టేబుల్ మనకి నిజం చెప్పదు. 2022-23లో హైదరాబాద్ రెండో స్థానంలో ఉంది. బయటి నుంచి చూసినవాడికి అంతా సూపర్. తర్వాతి సీజన్లోనే కూలిపోయింది. కాబట్టి క్లబ్ ఖర్చు ఎంత, ఎవరు పెడుతున్నారు, ఎన్నాళ్ళు పెడతారు అని అడగడం ఆట మీద ప్రేమ తక్కువై కాదు, ఎక్కువై.

అసలు సమస్య లీగ్ కట్టిన తీరులోనే ఉంది. ఐఎస్‌ఎల్‌లో చోటు ఊరిది కాదు, ఫ్రాంచైజీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. వాళ్ళు సర్దుకుని వెళ్ళిపోతే చోటు కూడా వాళ్ళతోనే వెళ్తుంది. మన భాషలో చెప్పాలంటే ఫ్యాన్స్‌కి రీడ్ యాక్సెస్ మాత్రమే ఉంది.

ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. 2019లో మనకి క్లబ్ ఎలా వచ్చింది? 2014 నుంచి ఆడుతున్న ఎఫ్‌సీ పుణె సిటీ డబ్బు ఇబ్బందుల్లో మూతపడితే, ఆ చోటు హైదరాబాద్‌కి వచ్చింది. ఆ రోజు మనం పండగ చేసుకున్నాం. పుణెలో జెర్సీ మడిచి అల్మారాలో పెట్టుకున్నవాళ్ళ గురించి ఎవరైనా ఆలోచించారా? నేనైతే లేదు. ఇప్పుడు నా జెర్సీ అల్మారాలో ఉంది కాబట్టి అర్థమవుతోంది.

"ఓనర్ కోట్లు పోగొట్టుకుంటుంటే, టికెట్ కొనని నువ్వు ప్రశ్నిస్తావా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. గచ్చిబౌలి స్టేడియంలో ఖాళీ కుర్చీలు నేనూ చూశాను, నేను వెళ్ళిందీ రెండుసార్లే. కానీ నేను అడిగేది నష్టపోతూ ఉండమని కాదు. ముందే చెప్పమని.

బయట ఏం జరిగిందో చూడండి. 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచిన లండన్ క్లబ్ వింబుల్డన్. దాన్ని దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతి వచ్చింది. ఫ్యాన్స్ ఏడుస్తూ కూర్చోలేదు. అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టారు. ఎవరైనా రావచ్చని చెప్పి ఊరి మైదానంలో సెలెక్షన్స్ జరిపారు. తొమ్మిదో డివిజన్‌లో మొదలుపెట్టి, 2011కల్లా నాలుగో డివిజన్‌కి ఎక్కారు. 2020లో ప్లావ్ లేన్‌లో, అంటే సొంత గడ్డ మీద, స్టేడియం కట్టుకున్నారు. మిల్టన్ కీన్స్ క్లబ్ కూడా 2007లో పాత ట్రోఫీల మీద హక్కు వదులుకుని, వాటిని వింబుల్డన్ ఉన్న మెర్టన్ కౌన్సిల్‌కి ఇచ్చేసింది.

జర్మనీలో కొన్ని క్లబ్బులు తప్ప మిగతా వాటిలో సగానికి పైగా ఓట్లు సభ్యుల దగ్గరే ఉండాలని రూల్. ఇంగ్లండ్‌లో 2025లో చట్టం చేసి, క్లబ్బుల డబ్బు వ్యవహారాలు చూడటానికి స్వతంత్ర రెగ్యులేటర్‌ని పెట్టారు.

అంతదాకా మనం ఇప్పుడే వెళ్ళలేం. మూడు చిన్న విషయాలు చాలు. సీజన్ మొదలయ్యే ముందు, పాత జీతాలు కట్టేశామని ప్రతి క్లబ్ బహిరంగంగా చెప్పాలి. ఊరు మారాలంటే కనీసం ఒక సీజన్ ముందు నోటీసివ్వాలి. పేరు, రంగులు, గెలిచిన కప్పు చరిత్ర ఆ ఊరికే వదిలేయాలి.

ఈ ఊరికి ఫుట్‌బాల్ కొత్త కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్. 1962 ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి గోల్డ్ తెచ్చిన కోచ్ రహీమ్ సాబ్ మనవాడే. కాబట్టి ఏదో ఒక రోజు ఇక్కడికి మళ్ళీ ఒక క్లబ్ వస్తుందనే నా నమ్మకం. అది ఇంకో ఊరి నుంచి వస్తుంటే మాత్రం, స్టేటస్‌లు పెట్టుకునే ముందు ఆ ఊరి వాళ్ళు ఏమంటున్నారో ఒకసారి వినండి.