‘స్త్రీలు’ అన్న లెక్కలో ఎవరున్నారు?

కొన్నేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయంలో మహిళా అధ్యాపకుల స్థితిగతులపై నివేదిక రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. హోదాల వారీగా స్త్రీలెందరు, పురుషులెందరు అని ఒక పట్టిక వేశాం. ఎస్సీ, ఎస్టీ, బీసీ అధ్యాపకుల సంఖ్య మరో పట్టికలో ఇచ్చాం. అది చదివిన దళిత సహోద్యోగి ఒకామె, “ఈ రెండింటిలో నేనెక్కడున్నానో చూపించండి మేడమ్” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ పట్టికలు తయారుచేసింది నేనే. అగ్రవర్ణంలో పుట్టిన నేను ‘స్త్రీలు’ అన్న లెక్కలో కనిపిస్తూనే ఉన్నాను కాబట్టి, అందులో లోపం ఉందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. ఉన్నత విద్యలో, ముఖ్యంగా విజ్ఞాన శాస్త్రాల్లో, స్త్రీల ఎదుగుదల కోసం బ్రిటన్‌లో 2005లో ‘అథీనా స్వాన్’ ఒప్పందపత్రం మొదలైంది. జాతి సమానత్వానికి వేరే ఒప్పందపత్రం 2016లో గానీ రాలేదు. మొదటిదాని వల్ల ఎక్కువ లాభపడింది తెల్లజాతి స్త్రీలేనన్న విమర్శ అక్కడి పరిశోధకుల నుంచే వచ్చింది. 2019లో నికోలా రోలక్ అధ్యయనం వెలువడేనాటికి ఆ దేశం మొత్తం మీద నల్లజాతి మహిళా ప్రొఫెసర్లు 25 మందే. వారిలో 20 మందితో ఆమె మాట్లాడారు.

జాతీ కులమూ ఒకటి కావు. కానీ లెక్కలోంచి మనుషులు జారిపోయే తీరు మాత్రం ఒకటే. మన కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం 2020లో ప్రకటించిన ‘గతి’ పథకానికి అథీనా స్వానే ప్రేరణ. నమూనా తెచ్చుకున్నప్పుడు దాని మీద వచ్చిన విమర్శను కూడా తెచ్చుకోవాలి కదా!

నిజానికి కులాన్నీ జెండర్‌నీ కలిపి చూడడం మనకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నాటి నియమం, ప్రభుత్వోద్యోగాల ప్రత్యక్ష నియామకాల్లో ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ ప్రతి వర్గంలోనూ మూడో వంతు స్త్రీలకు కేటాయించింది. అయితే అది ఉద్యోగంలో చేరేవరకే. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన స్త్రీ ప్రొఫెసర్ కావాలంటే పరిశోధనా పత్రాలు, పీహెచ్‌డీ విద్యార్థులు, రిఫ్రెషర్ కోర్సులు కావాలి. పిల్లల్ని ఎవరికి అప్పగించి వెళ్లాలన్నది ఆడవాళ్లందరి సమస్యే. సెమినార్‌కు ఎవరిని పిలుస్తారు, పరిశోధక విద్యార్థుల్ని ఎవరికి కేటాయిస్తారు, ఎవరి పేరు సిఫార్సు చేస్తారు అన్నచోట కులం కూడా పనిచేస్తుంది.

2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం అధ్యాపకుల్లో స్త్రీలు 42.9 శాతం. ఆ అంకె చూసి సంతోషించే ముందు వాళ్లు ఏ హోదాల్లో ఉన్నారో, ఏ కులాల వారో అడుగుదాం. 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. మీ దగ్గరి విశ్వవిద్యాలయానికి మూడు ప్రశ్నలతో దరఖాస్తు పెట్టండి: ప్రతి హోదాలో ఒక్కో సామాజిక వర్గం నుంచి స్త్రీలెందరు? వాళ్లకు పదోన్నతి రావడానికి ఎన్నేళ్లు పట్టింది? ఎంపిక కమిటీల్లో ఎవరున్నారు?

నా పాత పట్టికను నేను తిరిగి వేస్తున్నాను. ఈసారి ఆ సహోద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని.