నామౌచిత్యం, రూఢి: మోనికా రాంబో మారుపేర్లపై ఒక వివాదం

పాత్ర పేరును పాత్ర లక్షణంతో సరిపోల్చి, రెండూ కుదిరితే ‘అన్వర్థ నామధేయం’ అని ముద్రవేసి ముందుకు సాగిపోవడం మన విమర్శకు చిరకాలపు అలవాటు. ఈ కొలబద్ద ఎంత బలహీనమైనదో చూపడానికి, మన విభాగాలు అంతగా తొంగిచూడని అమెరికన్ కామిక్స్ నుంచి ఒక ఉదాహరణను స్వీకరిస్తున్నాను. ఇది విద్వత్పత్రికకు తగిన వస్తువేనా అని సందేహించేవారికి ఒక్క మాట: నలభై ఏళ్లకు పైగా, ఎందరో రచయితల చేతులలో, ఒకే పాత్ర కథ కొనసాగుతూ రావడం ముద్రిత సాహిత్యంలో అరుదు. పేరు ఎలా పుడుతుందో, ఎలా స్థిరపడుతుందో, ఎలా చేజారుతుందో పరిశీలించడానికి ఇంతకన్నా అనువైన క్షేత్రం సులభంగా దొరకదు.

ఆ పాత్ర మోనికా రాంబో. న్యూ ఆర్లియన్స్ ఓడరేవు గస్తీ దళంలో లెఫ్టినెంట్‌గా పనిచేసే ఈ నల్లజాతి యువతిని రోజర్ స్టెర్న్, జాన్ రొమిటా జూనియర్ 1982లో ‘ది అమేజింగ్ స్పైడర్ మ్యాన్’ 16వ వార్షిక సంచికలో ప్రవేశపెట్టారు. ఆమె తన దేహాన్ని విద్యుదయస్కాంత వర్ణపటంలోని ఏ శక్తిరూపంలోకైనా మార్చుకోగలదు. ఆమె మొదటి మారుపేరు కెప్టెన్ మార్వెల్. ఆ పేరుతోనే అవెంజర్స్ బృందంలో చేరింది. 1987 నాటికి దానికి నాయకత్వం వహించింది. 1996లో పాత కెప్టెన్ మార్వెల్ కుమారుడు జెనిస్‌వెల్ ఆ పేరును ధరించగా, ఆమె దానిని వదులుకొని ఫోటాన్ అయింది. 2005లో అతడే ఫోటాన్ అనే పేరునూ కైవసం చేసుకోగా పల్సార్ అయింది. 2013 నుంచి స్పెక్ట్రమ్. 2022 చివర మొదలైన ఆమె స్వంత ధారావాహిక శీర్షికలో మళ్లీ ఫోటాన్ కనిపిస్తుంది.

అన్వర్థవాదులు ఇక్కడ ఉత్సాహపడతారు. ఆమె శక్తి వర్ణపటమంతటా వ్యాపించింది గనుక స్పెక్ట్రమ్ అనే పేరే అత్యుచితమనీ, కెప్టెన్ మార్వెల్ అనేది మరొకరి పాత చొక్కా అనీ వారి వాదం. మొదటి మాటనే పరీక్షిద్దాం. ఫోటాన్ అంటే కేవలం కంటికి కనిపించే వెలుగు కణం కాదు. రేడియో తరంగాల నుంచి గామా కిరణాల వరకు విద్యుదయస్కాంత వికిరణానికంతటికీ అదే కణం. అప్పుడు ఫోటాన్, స్పెక్ట్రమ్ రెండూ ఆమెకు సమానంగా అన్వర్థాలే. రెండింటిలో ఏది తగినదో తేల్చలేని సూత్రం ఔచిత్య నిర్ణయానికి ఎలా పనికివస్తుంది?

నామౌచిత్యం అన్న మాటను మనకిచ్చిన క్షేమేంద్రుడిని ఈ వాదానికి సాక్షిగా పిలవడం మరింత పొరపాటు. ‘ఔచిత్య విచార చర్చ’లో ఆయన కోరినది కర్మకు అనురూపమైన పేరును, శక్తికి అనురూపమైనదాన్ని కాదు. శక్తి పాత్రకు రచయిత ఇచ్చిన ఉపకరణం. కర్మ ఆ ఉపకరణంతో పాత్ర కథలో సాధించినది. విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి తన పది పేర్లనూ చెప్పి, ఒక్కొక్కదానికి కారణం వివరిస్తాడు. ధనంజయుడు, విజయుడు, బీభత్సుడు – వీటి కారణాలు అతడు చేసిన పనులలోను, చేయడానికి ఒప్పుకోని పనులలోను ఉన్నాయి. అంతకన్నా గమనించదగినది, ఆ పది పేర్లు ఒకదానినొకటి తుడిచివేయలేదు. మోనికా విషయంలో ప్రతి కొత్త పేరూ వెనుకటి పేరును ఖాళీ చేయించి వచ్చింది.

‘మరొకరి చొక్కా’ అన్న ఆక్షేపణకు కొంత బలముంది, కాదనను. కెప్టెన్ మార్వెల్ అనే పేరు 1940లో ఫాసెట్ సంస్థ వీరుడిది. అది వాడుక తప్పాక 1967లో మార్వెల్ సంస్థ మరో వీరుడికి పెట్టుకుంది. వ్యాపారచిహ్నం వాడుకలో ఉంటేనే నిలుస్తుంది గనుక, ఆ పేరును ఎవరో ఒకరు మోస్తూనే ఉండాలి. 1982లో, పాత వీరుడు మరణించిన ఏడాదిలోనే, అది మోనికాకు దక్కడంలో ఈ లెక్క లేదని నేను వాదించను. కానీ శబ్దం ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, దేనిని బోధిస్తుందన్నది మరొక ప్రశ్న. బురదలో పుట్టేవి నాచు, నత్త కూడా; అయినా పంకజమంటే తామరే. పద్నాలుగేళ్లు ఒక పేరుతో పోరాడి, బృందాన్ని నడిపి, పాఠకుల నోట నిలిచిన స్త్రీకి ఆ పేరు 1996 నాటికి రూఢమైపోయింది. దానిని జెనిస్‌వెల్‌కు అప్పగించినప్పుడు కథ చూపిన కారణం తండ్రి ఆస్తి కొడుకుకు చెందాలన్నది మాత్రమే. ఇది ఔచిత్యం కాదు, దాయభాగం! ఆ న్యాయమైనా నిలకడగా సాగలేదు: 2012లో అదే పేరు కారల్ డాన్వర్స్‌కు దక్కింది. ఆమె కూతురు కాదు, వారసురాలు కాదు, ఆమెకున్నది కృషి. ఆ కృషిని నేను గౌరవిస్తాను. కారల్‌కు చాలిన అర్హత మోనికాకు ఎందుకు చాలలేదన్నదే ప్రశ్న.

ఈ మార్పులో ఆమె కోల్పోయినదేమిటో తెలుగు వ్యాకరణం ఆంగ్లం కన్నా స్పష్టంగా పట్టిచ్చే చోటు ఒకటుంది. మన భాషలో స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తుల వలె నడుస్తాయి: సీత వచ్చింది, రైలు వచ్చింది. క్రియ భేదం చూపదు, చూపవలసినది నామమే. ‘కెప్టెన్ మార్వెల్ వచ్చింది’ అంటే వచ్చినది ఒక మనిషి, అందులోనూ హోదా గల మనిషి, స్త్రీ అని తెలుస్తుంది. ‘స్పెక్ట్రమ్ వచ్చింది’, ‘ఫోటాన్ వచ్చింది’ అన్నప్పుడు వచ్చినది స్త్రీయో వస్తువో చెప్పడానికి వాక్యంలో ఏ ఆధారమూ లేదు. కెప్టెన్ పదవీవాచకం, తక్కిన మూడూ భౌతికశాస్త్ర పరిభాష. పదవి పోయి పదార్థం మిగిలింది. స్యూ స్టార్మ్ 1961 నుంచి 1985 వరకు, పెళ్లయి తల్లయిన తరువాత కూడా, ‘ఇన్విజిబుల్ గర్ల్’గానే మిగిలిపోవడాన్ని అందరూ గుర్తిస్తారు, ఎందుకంటే అక్కడ ‘గర్ల్’ అనే తోక కంటికి కనబడుతుంది. ఇక్కడి తగ్గింపుకు తోక లేదు, అందుచేత అది శాస్త్రీయంగా చలామణి అవుతున్నది.

2023 నాటి ‘ది మార్వెల్స్’ చలనచిత్రంలో ఆమెకు మారుపేరు వెదకడం ఒక హాస్యాంశం. నేనూ నవ్వాను. అయితే నలభై ఏళ్ల క్రితమే పేరున్న పాత్రను పేరు లేనిదానిగా చూపితేనే ఆ హాస్యం పండుతుంది. చిత్రానికి తన కథాకాలం వేరు గనుక దానిని తప్పుపట్టను. పరిశోధకులకు ఆ వెసులుబాటు లేదు. 1982 నుంచి 1996 వరకు వచ్చిన కథలను చర్చిస్తూ ఆమెను ‘స్పెక్ట్రమ్’ అని వెనుకటి తేదీతో రాయడం పాఠదోషం. ఆ సంచికలలో ఆమె కెప్టెన్ మార్వెల్. మన వ్యాసాలలోనూ, సూచికలలోనూ ఆ పేరుతోనే ఉండాలి.